పాలు ఏ గుంపు, టీచర్?

నాలుగో తరగతికి పోషకాల పాఠం చెప్పాలంటే రెండు పీరియడ్లు చాలనుకున్నాను. చార్టు ఉంది, రంగురంగుల బొమ్మలున్నాయి, అందులో మూడు గుంపులున్నాయి. శక్తినిచ్చేవి, ఒంటిని పెంచేవి, జబ్బుల నుంచి కాపాడేవి. అన్నం, రొట్టె, బంగాళాదుంప, నూనె ఒక వరస. పప్పు, గుడ్డు, చేప, పాలు ఇంకో వరస. పళ్లు, కూరగాయలు మూడో వరస. ఇంతకన్నా తేలికైన పాఠం ఉంటుందా అనిపించింది. చివరికి ఆరు వారాలు పట్టింది. అందులో మొదటి రెండు వారాలు నేను చేసిన తప్పులు దిద్దుకోవడానికే సరిపోయాయి.

మొదటి రోజు అంతా బాగానే జరిగింది. ముప్పై రెండు మంది పిల్లలు, అందరూ ఎనిమిది తొమ్మిదేళ్లవాళ్లు. నేను చార్టు మీద కర్ర పెట్టి చూపిస్తుంటే గట్టిగా చెప్పారు. మర్నాడు అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. పొంగిపోయాను. సరిగ్గా అప్పుడే మూడో బెంచీలో ఒకడు లేచి, "పాలు ఏ గుంపు, టీచర్?" అన్నాడు.

చార్టులో ఎక్కడుందో చూపించాను. వాడు కూర్చోలేదు. "మరి పాలు తియ్యగా ఉంటాయి కదా, అంటే చక్కెర ఉన్నట్టే కదా. మీగడ కూడా కడుతుంది, అది నూనెలాంటిదే కదా. అలాంటప్పుడు ఒక్క గుంపులోనే ఎందుకు పెట్టారు?" అన్నాడు.

వాడన్నది నిజమే. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంది, కొవ్వు ఉంది, ప్రోటీన్ ఉంది, కాల్షియం ఉంది. వీటన్నిటికన్నా ఎక్కువగా నీళ్లున్నాయి. "తర్వాత చెప్తాను, కూర్చో నాన్నా" అని తప్పించుకున్నాను. టీచర్లందరికీ తెలిసిన మాటే అది, జవాబు లేనప్పుడు అనే మాట.

అనుమానం వచ్చి ఆ సాయంత్రం తలా ఒక చిన్న కాగితం ఇచ్చి రెండే ప్రశ్నలు అడిగాను. ప్రోటీన్ అంటే ఏమిటి? విటమిన్ అంటే ఏమిటి? సగానికి పైగా "ప్రోటీన్ అంటే గుడ్డు" అని రాశారు. విటమిన్ అంటే "పళ్లు" అన్నవాళ్లు కొందరు, "మాత్ర" అన్నవాళ్లు ఇంకొందరు. మర్నాడు మనిషి ఆకారం గీసిన కాగితాలు పంచి, తిన్న అన్నం లోపల ఏమవుతుందో బొమ్మ వెయ్యమన్నాను. పొట్టలో గుడ్డు గుడ్డులాగే ఉంది. పక్కన తొక్క కూడా తియ్యని అరటిపండు. ఒకమ్మాయి అయితే పొట్టలో చిన్న బల్ల వేసి దాని మీద కంచం పెట్టింది.

నవ్వొచ్చింది కానీ అసలు గోల అక్కడే ఉందని అర్థమైంది. పిల్లలకి తిండి కనిపిస్తుంది, పోషకం కనిపించదు. కనిపించనిదాన్ని పేరు పెట్టి పిలవమంటే కనిపించేదానికే ఆ పేరు తగిలించేశారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మూడు వరసల చార్టు నేర్పేది కూడా సరిగ్గా అదే, ఒక తిండికి ఒక పని, ఒక పేరు.

రెండో తప్పు ఇంతకన్నా పెద్దది. పాఠం సరదాగా ఉంటుందని ఆకుపచ్చ, ఎరుపు స్టిక్కర్లు తెచ్చాను. మంచి తిండి బొమ్మకి ఆకుపచ్చ, చెడ్డ తిండికి ఎరుపు. పిల్లలు ఎగబడి అంటించారు. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం వరండాలో పోతుంటే ఒకమ్మాయి డబ్బా మూత సగమే తీసి, లోపలికి చెయ్యి పెట్టి, తల వంచుకుని తింటూ కనిపించింది. లోపల బిస్కెట్లున్నాయి. పక్కనున్న వాడు వేలు చూపించి "ఎరుపు, ఎరుపు" అంటున్నాడు.

అదే వారం ఒక పిల్లాడి నానమ్మ వచ్చింది. తను టీలో పంచదార వేసుకుంటుంటే మనవడు గ్లాసు లాక్కుని, "నువ్వు చచ్చిపోతావు, మా టీచర్ చెప్పింది" అన్నాడట. నవ్వుతూనే చెప్పిందావిడ. కానీ ఆ రాత్రి వాడు నిద్రపోకుండా ఏడ్చాడట.

స్టిక్కర్లన్నీ పీకేశాను. ఎనిమిదేళ్ల పిల్లలు ఇంటికి సరుకులు కొనరు, వంట చెయ్యరు. డబ్బాలో ఏముండాలన్నది ఇంట్లో ఉన్న డబ్బు, పొద్దున్న దొరికే టైము, పెద్దవాళ్ల అలవాట్లు నిర్ణయిస్తాయి. దానికి ఎర్ర స్టిక్కర్ అంటిస్తే పిల్ల ముందు వాళ్లమ్మని తప్పుపట్టినట్టే. ఇది నాకు ముందే తట్టాల్సింది.

అప్పుడు నాకు నేనే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను. మంచి, చెడ్డ అనే మాటలు బంద్. రోజూ తినేవి, అప్పుడప్పుడూ తినేవి అంతే. నిన్న ఇంట్లో ఏం తిన్నారని క్లాసులో ఎవరినీ అడగను. ఎందుకంటే ఏమీ తినని పిల్ల కూడా ఉండొచ్చు, ఉన్నా లేకపోయినా అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏ పిల్లకీ రాకూడదు. బరువు ఊసు, కేలరీల లెక్క ఈ వయసులో అసలు ఎత్తను. మరి ఎవరి తిండి గురించి మాట్లాడుకోవాలి? అందుకోసం అట్టతో ఒక బొమ్మ చేశాం. పేరు బుజ్జి. బుజ్జి ఏం తిన్నా ఎవరికీ నామోషీ లేదు. బుజ్జికి ఆకలేస్తుంది, బుజ్జికి పళ్లు ఊడతాయి, బుజ్జి కూరగాయలు తినకుండా మారాం చేస్తుంది. పిల్లలు తమ ఇంటి సంగతులన్నీ బుజ్జి మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. నేనడిగితే ఎప్పటికీ చెప్పేవాళ్లు కాదు.

ఇక కనిపించనిదాన్ని కనిపించేలా చెయ్యాలి. ముందు అయోడిన్‌తో మొదలుపెట్టాను. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్‌నే నీళ్లు కలిపి పలచన చేశాను. పింగాణీ పళ్లేలలో అన్నం, రొట్టె ముక్క, బంగాళాదుంప, కీరా, యాపిల్, పంచదార పెట్టాం. డ్రాపర్ నా చేతిలోనే. పరీక్ష చేసిన ముక్క ఏదీ నోట్లో పెట్టుకోకూడదని ముందే మూడుసార్లు చెప్పించాను. గోధుమరంగు చుక్క బంగాళాదుంప మీద పడి నల్లని నీలంగా మారగానే క్లాసంతా "ఓ!" అని అరిచింది. అన్నం కూడా అంతే, రొట్టె కూడా అంతే. కీరా మీద చుక్క రంగు మారలేదు. ఆ నీలం వచ్చిన చోట స్టార్చ్ అనే పిండిపదార్థం ఉన్నట్టు. పిల్లలకి మొదటిసారి తిండి లోపల ఇంకేదో ఉందని తెలిసింది.

పంచదార మీద కూడా రంగు మారలేదు. "అయితే పంచదారలో శక్తి లేదు" అని వెనక బెంచీ నుంచి తీర్పు వచ్చింది. ఇది నేను ఊహించలేదు. పంచదార కూడా పిండిపదార్థాల కుటుంబమే, కానీ అయోడిన్ స్టార్చ్‌ని మాత్రమే గుర్తుపడుతుంది. ఈ మాట నోటితో చెప్తే నమ్మేలా లేరు. అందుకే మర్నాడు ఏ రుచీ కలపని రొట్టె చిన్న ముక్క తలొకటి ఇచ్చి, మింగకుండా నములుతూ ఉండమన్నాను. ఒకటిన్నర నిమిషం. ముప్పై రెండు మంది బుగ్గలు ఉబ్బించుకుని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటూ నమిలారు. సగం మంది నవ్వాపుకోలేక ముందే మింగేశారు. మిగిలినవాళ్లలో ఒకమ్మాయి కళ్లు పెద్దవి చేసి "తియ్యగా అవుతోంది!" అంది. ఉమ్మిలో అమైలేజ్ అనే ఎంజైమ్ స్టార్చ్ గొలుసుల్ని ముక్కలు చేసి చక్కెరగా మారుస్తుంది. అంటే స్టార్చ్, చక్కెర చుట్టాలు. ఒకటి పొడవాటి గొలుసు, ఇంకోటి దానిలోని చిన్న పూస. పొట్టలో గుడ్డు గుడ్డులాగే ఉండదన్న సంగతి కూడా అక్కడే తేలిపోయింది. పొట్టలో కంచం వేసిన అమ్మాయి తనంతట తనే కాగితం తెచ్చుకుని బొమ్మ చెరిపేసింది.

ఇంకో రోజు పచ్చి అరటికాయ, బాగా మగ్గిన అరటిపండు పక్కపక్కన పెట్టి చుక్కలు వేశాం. కాయ నల్లబడింది, పండు మీద రంగు పెద్దగా రాలేదు. ముగ్గేటప్పుడు స్టార్చ్ చక్కెరగా మారుతుంది. నా వేళ్లకంటిన మరకలు మాత్రం రెండు రోజులు పోలేదు.

కొవ్వుకి బ్రౌన్ పేపర్ పరీక్ష. పదార్థాన్ని కాగితం మీద రుద్దితే నూనె మరక వెలుతురులో అద్దంలా మెరుస్తుంది. దీనికి వేరుశనగ పప్పులు తెద్దామనుకున్నాను. పాఠానికి ముందు తల్లిదండ్రులకి పంపిన చీటీకి జవాబుగా ఒకాయన తన కొడుకుకి వేరుశనగ ఎలర్జీ అని రాశాడు. ఆ చీటీ పంపకపోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. వేరుశనగ మానేసి వెన్న, చిప్స్, బిస్కెట్, కీరా తెచ్చాం. మళ్లీ పొరపాటు నాదే. రుద్దిన వెంటనే చూసి రాయమన్నాను. కీరా నీళ్ల మరక కూడా మెరుస్తోంది! నోటు పుస్తకాల్లో "కీరాలో కొవ్వు ఉంది" అని ఎక్కింది. కాగితాలు ఎండలో ఆరబెట్టి గంట తర్వాత చూస్తే కీరా మరక మాయం, వెన్న మరక అలాగే ఉంది. నీరు ఆవిరైపోతుంది, కొవ్వు పోదు. తప్పుగా రాసింది కొట్టేసి కొత్తగా రాసుకోవడం పిల్లలకి ఎంత నచ్చిందంటే, తర్వాత ప్రతి పరీక్షకీ "ఆరాక చూద్దామా టీచర్?" అని అడిగేవాళ్లు.

ఎర్ర స్టిక్కర్ల రోజుల్లో వెన్నకి, నూనెకి కూడా ఎరుపే అంటించాం. అది కూడా సరిదిద్దాలి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులోనే కరుగుతాయి. కాస్తయినా కొవ్వు లేకపోతే అవి ఒంటికి సరిగా పట్టవు. ఒక గ్రాము పిండిపదార్థం నుంచి దాదాపు 4 కిలోకేలరీల శక్తి వస్తే, ఒక గ్రాము కొవ్వు నుంచి 9 వస్తాయి. పిల్లలకి ఈ అంకెలు చెప్పలేదు. "కొవ్వు చిన్న సంచీ, కానీ లోపల సరుకు రెండింతలకి పైనే" అన్నాను. అందుకే కొంచెం చాలన్న మాట వాళ్లే అనేశారు.

ప్రోటీన్ దగ్గర ఇబ్బంది పడ్డాను. దాని అసలు పరీక్షకి వాడే సోడియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాల్చేస్తుంది, చిన్నపిల్లల క్లాసులోకి తేకూడదు. గోరువెచ్చని పాలలో నిమ్మరసం పిండి విరగ్గొట్టాను. నీళ్లు వేరై, తెల్లని ముద్దలు పైకి తేలాయి. ఆ ముద్దల్లో ఉన్నది చాలావరకు పాల ప్రోటీన్, దాన్ని పట్టుకుని ఉన్న కొవ్వు. అప్పుడు పిలిచాను మూడో బెంచీ పిల్లాణ్ని. నేల మీద తాడుతో పిండిపదార్థానికి, కొవ్వుకి, ప్రోటీన్‌కి ఒక్కొక్కటి చొప్పున మూడు పెద్ద వలయాలు, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా వేయించి, పాల గ్లాసు వాడి చేతికిచ్చి "నువ్వే పెట్టరా" అన్నాను. కాసేపు అటూ ఇటూ తిరిగి, మూడు తాళ్లూ కలిసిన మధ్య గడిలో పెట్టాడు. ఆ తర్వాత పప్పు ఎక్కడ పెట్టాలన్న గొడవ అరగంట నడిచింది. అందులో ప్రోటీన్ ఉంది, స్టార్చ్ కూడా ఉంది, చుక్క వేసి చూశాం కదా అని ఒక జట్టు. అయినా పేరు రెండో వరసలోనే కదా ఉంది అని ఇంకో జట్టు. నేను నోరు మెదపలేదు. పాత చార్టుని తిప్పి వెనకవైపు ఈ వలయాల బొమ్మే గీయించాను.

విటమిన్లకి ఏ చుక్కా లేదు, ఏ మరకా లేదు. వాటికి కథే దిక్కు.

1890 ప్రాంతంలో జావా దీవిలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు బెరిబెరి అనే జబ్బు ఎందుకొస్తుందో వెతుకుతున్నాడు. మనుషులకి కాళ్లు పట్టు తప్పి నడవలేకపోయే జబ్బు. ఆయన దగ్గరున్న కోళ్లకి ఉన్నట్టుండి అలాంటిదే వచ్చింది. కొన్నాళ్లకి మళ్లీ వాటంతట అవే బాగయ్యాయి. ఎందుకు? ఇక్కడ కథ ఆపేశాను. పిల్లలు వేసిన ప్రశ్నలు నేను ఇప్పటికీ దాచుకున్నాను. గూడు మార్చారా? వాన పడిందా? వేరే కోళ్లా? చివరికి ఒకమ్మాయి "తిండి మార్చారా?" అంది. సరిగ్గా అదే. సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లని పాలిష్ అన్నం కోళ్లకి పెట్టేవాళ్లు. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల బియ్యం కోళ్లకి పెట్టనన్నాడు. దాంతో కోళ్లకి మళ్లీ పై పొర తియ్యని బియ్యం పడింది, అవి లేచి నడిచాయి.

"అయితే తెల్ల బియ్యంలో విషం ఉందా టీచర్?" అని అడిగాడు ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్లాడు. వాడికి చెప్పాను, ఐక్‌మన్ కూడా మొదట అలాంటిదే అనుకున్నాడురా అని. ఆ పిల్లాడి మొహం చూడాలి! విషం ఉండటం కాదు, ఉండాల్సింది ఏదో లేకుండా పోవడమని 1901లో చెప్పింది ఆయన తర్వాత ఆ పని చేసిన గెరిట్ గ్రెయిన్స్. ఆ లేనిది తవుడులో ఉన్న బి1 విటమిన్. విటమిన్ అనే పేరు 1912లో కాజిమిర్ ఫంక్ పెట్టాడు. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక వస్తువు ఉండటం వల్ల కాకుండా లేకపోవడం వల్ల కూడా జబ్బు వస్తుందన్న ఆలోచన పెద్దవాళ్లకే అంత తేలిగ్గా ఎక్కలేదు. పిల్లలకి మాత్రం కోళ్ల వల్ల ఎక్కింది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు, చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బున్న పన్నెండు మంది నావికులకి రకరకాల మందులిస్తే, నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్న సంగతి కూడా చెప్పాను కానీ, కోళ్ల కథ ముందు అది చప్పగా తేలిపోయింది.

కళ్లద్దాలున్న ఒకమ్మాయి "నేను రోజూ క్యారెట్ తింటున్నాను, అద్దాలు ఎప్పుడు తీసేస్తారు?" అని అడిగింది. ఎంత ఆశగా అడిగిందంటే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ నుంచి మన ఒళ్లు విటమిన్ ఎ తయారు చేసుకుంటుంది. అది తక్కువైతే రేచీకటి వస్తుంది, సరిపడా అందితే ఆ ఇబ్బంది ఉండదు. అంతేగానీ దూరపు చూపు ఆనని కంటిని క్యారెట్ సరిచెయ్యదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన విమానాల్లోని రాడార్ సంగతి బయటపడకుండా, మా పైలట్లు క్యారెట్లు తిని చీకట్లో చూస్తున్నారని ప్రచారం చేసింది. ఆ కథ చెప్పాక "అంటే పెద్దవాళ్లు కూడా నమ్మారా!" అని ఆ పిల్ల కాస్త తేరుకుంది.

తర్వాత కంచం. హార్వర్డ్ వాళ్లు 2011లో గీసిన కంచం బొమ్మ నాకు ఇష్టం. సగం కూరగాయలు, పళ్లు, పావు ధాన్యాలు, పావు ప్రోటీన్ ఉన్న తిండి. అట్టతో కంచాలు కత్తిరించి ఎవరి కంచం వాళ్లని నింపమన్నాను. ముప్పై రెండు కంచాలూ ఒకేలా వచ్చాయి! అన్నీ ఆకుపచ్చే. అవి వాళ్లు తినాలనుకునే కంచాలు కావు, నన్ను మెప్పించే కంచాలు. ఇంకో చిక్కు కూడా ఉంది. అన్నీ కలిపి ఒకే గిన్నెలో వండిన తిండిని ఈ పావులుగా ఎలా విడదీస్తారు? అందుకని కంచం బదులు బుజ్జి మూడు రోజుల తిండి పట్టిక ఇచ్చి, బుజ్జికి ఏం తక్కువైందో పట్టుకోమన్నాను. సోమవారం పండు లేదు, మంగళవారం రెండున్నాయి, పర్వాలేదని వాదించుకున్నారు. ప్రతి పూటా తూకం సరిపోనక్కర్లేదు, కొన్ని రోజుల మీద సరిపోతే చాలన్నది అలా వచ్చింది. సమతుల ఆహారం అన్న మాట నేను బోర్డు మీద రాసింది ఆ రోజే, నాలుగో వారంలో.

చక్కెర పాఠాన్ని లెక్కల పీరియడ్‌లో చెప్పాను. ఖాళీ కూల్‌డ్రింక్ సీసా మీద 100 మిల్లీలీటర్లకి 10.5 గ్రాముల చక్కెర అని ఉంది. సీసా 300 మిల్లీలీటర్లది. చెంచాకి 4 గ్రాములనుకుంటే ఎన్ని చెంచాలు? ముందు చాలామంది సీసా మొత్తానికి 10.5 అనే అనుకున్నారు. అది పెద్దవాళ్లు కూడా చేసే పొరపాటే. గుణించాక 31.5 వచ్చింది, దాదాపు 8 చెంచాలు. గ్లాసులో ఒక్కో చెంచా పోస్తుంటే ఐదో చెంచాకి క్లాసు నిశ్శబ్దమైపోయింది. పండ్ల రసం డబ్బా మీద కూడా అంకె ఇంచుమించు అంతే ఉండటం చూసి ఇంకా ఆశ్చర్యపోయారు. పండు నమిలి తింటే పీచుతో పాటు నెమ్మదిగా లోపలికి వెళ్తుంది, రసం అలా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రసంలోని చక్కెరని విడి చక్కెరల్లోనే, అంటే విడిగా కలిపే పంచదారలాంటి వాటితో పాటే, లెక్కేస్తుంది, మొత్తం పండులో ఉన్నదాన్ని లెక్కెయ్యదు. ఆ విడి చక్కెర రోజు శక్తిలో 10 శాతం దాటకూడదంటుంది. రోజుకి 1600 కిలోకేలరీలు కావాల్సిన పిల్లకి అది 40 గ్రాములు. ఈ శాతం లెక్క నా కోసం వేసుకున్నాను, బోర్డు మీద మాత్రం చెంచాలే.

రుచి చూసే రోజులు నాకు అన్నిటికన్నా ఇష్టం. వారానికి రెండుసార్లు, చిన్న చిన్న ముక్కలు. ఒకే ఒక్క నియమం, "నచ్చలేదు" అనొచ్చు, "ఛీ" అనకూడదు. వాసన చూసి పక్కన పెట్టినా పర్వాలేదు. బాగుంది, బాలేదు అన్న మాటలు కూడా వద్దన్నాను. కరకర, జిగురు, వగరు, మెత్తన, ఇలా ఏదో ఒక మాట వెతకాలి. బీట్‌రూట్ నోట్లో పెట్టుకుని ఒకడు "వాన పడ్డప్పుడు మట్టి వాసన" అన్నాడు. వాడికి తెలియదు గానీ రెండింటిలోనూ ఉన్నది జియోస్మిన్ అనే ఒకే పదార్థం. కొత్త రుచి నాలుకకి అలవాటు పడటానికి ఒక్కోసారి పదిసార్లు, పదిహేనుసార్లు కూడా పడుతుందని చెప్పాను. ఎన్నిసార్లు రుచి చూశారో పుస్తకం వెనక గీతలు గీసుకోవడం అప్పటి నుంచి మొదలైంది.

ఇళ్లకి ఇంకో ఉత్తరం రాశాను. చాలా చిన్నది. పిల్లలు ఇంట్లో ఎవరి తిండినైనా తప్పుపడితే అది నా తప్పు, నాకు చెప్పండి అని రాశాను. నానమ్మ ఈసారి రాలేదు, మనవడితో "టీ తాగుతున్నానని చెప్పు" అని కబురు పంపింది.

చివర్లో పరీక్ష పెట్టాలి కాబట్టి పెట్టాను. ప్రోటీన్ అంటే ఏమిటని అడగలేదు. బుజ్జి వంటింట్లో రొట్టె, ఉడికించిన గుడ్డు, కీరా, అరటిపండు, పెరుగు, బిస్కెట్లు ఉన్నాయి. రేపటి డబ్బాలో ఏం పెడతారు, ఎందుకు? చాలామంది బిస్కెట్లు కూడా పెట్టారు, "రెండు, అప్పుడప్పుడూ కాబట్టి" అని రాశారు. డబ్బా మూత సగం తీసుకుని తిన్న అమ్మాయి బిస్కెట్ల పక్కన అరటిపండు గీసి, "తోడుగా" అని రాసింది. ఇద్దరు మాత్రం మళ్లీ "గుడ్డు అంటే ప్రోటీన్" అనే రాశారు. వాళ్లతో ఇంకోసారి కూర్చోవాలి.

అందరిలోకీ బాగా రాసింది కూరగాయలంటే ఆమడ దూరం పారిపోయే పిల్లాడు. కీరాలో నీళ్లు, పీచు ఉన్నాయని, రొట్టెలో స్టార్చ్ ఉందని చుక్క వేసి చూశామని, గుడ్డు బుజ్జి కండలకని, అన్నిటికీ కారణాలు రాశాడు. పదికి పది ఇచ్చాను. ఆ మధ్యాహ్నం చూస్తే వాడి డబ్బాలోని కీరా ముక్కలు ఎప్పటిలాగే పక్కవాడి మూతలోకి చేరుతున్నాయి.

"ఏరా, పరీక్షలో అంత బాగా రాశావు కదా?" అన్నాను.

పుస్తకం వెనక అట్ట తిప్పి చూపించాడు. "ఇంకా ఆరుసార్లే అయింది టీచర్."